లోకవిచిత్ర గ్రంథములు

రైలుస్టేషనులోని పుస్తకాల బడ్డీయొద్ద గాని, బస్సుస్టాండు ప్రక్కనుండు పాతపుస్తకముల దుకాణమునందు గాని కొంచెముసేపు నిలిచి చూచువారికి ఒక జాతి గ్రంథములు తప్పక కంటబడును. అట్టమీద భూగోళము, ఏనుగు, అంతరిక్షనౌక, ఈజిప్టు పిరమిడ్డు ఒక్కచోటనే క్రిక్కిరిసియుండును. పేరేదైనను లోని సరకొక్కటియే: వేయి వింతలు, రెండువేల విశేషములు, ఔరా యనిపించు సంగతులు. పత్రికల ఆదివారపు అనుబంధములలోను, పిల్లల మాసపత్రికల అంచులలోను, నేడు ప్రతియింటి చేతిఫోనులోను ఈ సరకే చిన్నచిన్న పొట్లములుగా చేరుచున్నది. కావ్యములకును కథలకును నవలలకును విమర్శకులు కలరు, వీనికి లేరు. మన యిండ్లలో మిక్కిలి యెక్కువగా చదువబడుచు, మిక్కిలి తక్కువగా పరీక్షింపబడుచున్న వాఙ్మయ మిదియే యని మాకు తోచినందున ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

ఈ వేసవి సెలవులలో ఇట్టి పుస్తకముల నైదింటిని కొని తెచ్చి, మొదటి పుటనుండి కడపటి పుటవఱకు చదివితిమి. ఏ యొక్కదాని పేరును ఇచ్చట చెప్పము. దోషము ఒక్క గ్రంథకర్తది కాదు, జాతిది.

ముందుగా గుణము చెప్పుట న్యాయము. మా బాల్యమున మా యూర గ్రంథాలయము లేదు. మా పినతండ్రిగారు పట్టణమునుండి తెచ్చిన యిట్టి పుస్తకమొకటి, అట్ట యూడినది, మాకు దొరకినది. మా యూరి పొలిమేరకు అవ్వల సముద్రములును, మంచుకొండలును, మన భాషలు తెలియని జనులును ఉన్నారని మా మనస్సునకు మొదట తట్టించినది ఆ పుస్తకమే. అందలి వాక్యమొకటి ముప్పదియేండ్లు దాటినను మేము మఱువలేదు. దానిని గూర్చి పిదప చెప్పెదము. కావున వింతలను ద్వేషించి మేమిది వ్రాయుటలేదు. ఆశ్చర్యము విద్యకు మొదటిమెట్టు. ఆ మెట్టుపైననే పిల్లవానిని కూర్చుండబెట్టి, ఇదియే మేడ యని చెప్పుటయే మాకు సమ్మతము కాదు.

ఈ గ్రంథముల రచనారీతిని చూడుడు. ప్రతి సంగతికిని ఒక సంఖ్య. ప్రతి వాక్యమునకును చివర ఒక ఆశ్చర్యార్థక చిహ్నము. 417వ సంగతి తిమింగిలము గుండె, 418వది ఒకానొక రాజు భార్యల లెక్క, 419వది శుక్రగ్రహము. ఒకదానికిని మఱియొకదానికిని సంబంధము లేదు. ఆ వాక్యములకు కర్త యుండును, క్రియ యుండును. సాక్షి మాత్రము ఉండడు. ఎవరు చూచిరి, ఎప్పుడు కొలిచిరి, ఏ పరికరముతో కొలిచిరి, ఏల అట్లున్నది అను ప్రశ్నలకు ఎడమే లేదు. మేము చదివిన యైదు పుస్తకములలోను ఒక్క సంగతిక్రిందనైనను ‘ఇది యిట్లు తెలిసినది’ అను మాట కానరాలేదు.

దీనివలన వచ్చు కీడు మాకు అనుభవమున తెలిసినది. చైనాదేశపు మహాకుడ్యము చంద్రునిపైనుండి కంటికి కనబడు ఏకైక మానవనిర్మాణమని మేము పదునొకండేండ్లు తరగతిలో చెప్పితిమి. ఎచ్చట చదివితిమో జ్ఞప్తిలేదు, ఎల్లచోట్లను చదివితిమి. ఒకనాడు తొమ్మిదవతరగతి బాలిక యొకతె లేచి, “మాష్టారండీ, ఆ గోడ మన చెరువుగట్టుకంటె వెడల్పుగా ఉంటుందాండీ?” అని అడిగినది. “పొడవెక్కువ, వెడల్పు ఇంచుమించు అంతే” అంటిమి. “అయితే మన గట్టు కూడా కనబడాలి కదండీ?” అన్నది. తరగతి నవ్వినది. మేమును నవ్వి పాఠము ముందునకు సాగించితిమి గాని, ఆ రాత్రి కాగితము పెన్సిలు తీసికొని కూర్చుంటిమి.

ఆ గోడ వెడల్పు చాలచోట్ల ఆఱేడు మీటర్లకు మించదు. చంద్రుడు మనకు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరమున నున్నాడు. ఈ నిష్పత్తిని చిన్నదిచేసి చూచినచో, ఒక తలవెండ్రుకను ఇంచుమించు నాలుగు కిలోమీటర్ల దూరమునుండి చూడబూనినట్లగును. మఱునాడు బాలురచేతను బాలికలచేతను ఆ లెక్కనే చేయించితిమి. బడిగుమ్మమున ఒక వెండ్రుకను వ్రేలాడదీసి ప్రక్కయూరి గుడిగోపురముమీదినుండి చూచినచో కనబడునా యని అడిగితిమి. వెండ్రుక పొడవు మూరెడైనను బారెడైనను ఫలమొక్కటియే యని వారే చెప్పిరి. మా పదునొకండేండ్ల బోధన ఒక్క గుణకారముతో పోయినది.

తరువాత విచారింపగా తెలిసినది మఱింత చిత్రము. ఈ మాట చంద్రునిపై కాలుమోపినవారు చెప్పినది కాదు. స్టూక్లీ యను ఆంగ్లపండితుడు 1754లోనే ఒక లేఖయందు ఆ గోడ చంద్రునినుండి కనబడవచ్చునని వ్రాసెను. అమెరికాలో ‘నమ్మిన నమ్ముడు, లేకున్న మానుడు’ అను అర్థముగల శీర్షికతో వింతలు ప్రకటించుచుండిన రాబర్ట్ రిప్లీ 1932లో దానిని లోకమంతట చాటెను. మనుష్యుడు చంద్రునిపై దిగినది 1969లో! అనగా చూచువాడు పుట్టకమునుపే సాక్ష్యము పుట్టినది. 2003లో చైనా దేశీయుడే యైన యాంగ్ లివె భూమిచుట్టు తిరిగివచ్చి, చంద్రునికంటె ఎంతయో దగ్గఱనుండియైనను తనకు ఆ గోడ కానరాలేదని చెప్పెను. అయినను ఈ వేసవిలో మేము చదివిన యైదింటిలో మూడు పుస్తకములు ఇప్పటికిని ఆ గోడను చంద్రునినుండి చూచుచునే యున్నవి.

ఇది నిరపాయమైన యసత్యమని కొంద ఱనవచ్చును. అట్లయిన రెండవజాతిని చూడుడు. మనుష్యుడు తన మెదడులో పదవవంతు మాత్రమే వాడుకొనుచున్నాడని యొక మాట కలదు. ఇదియు అసత్యమే. మెదడు బరువు మన శరీరపు బరువులో నూటికి రెండుపాళ్లు మాత్రమే. అది వ్యయించు శక్తి మాత్రము నూటికి సుమారిరువదిపాళ్లు. తొమ్మిదివంతులు పనిలేక పడియుండు అవయవమును శరీరము ఇంత ఖర్చుపెట్టి పోషింపదు. మెదడులో చిన్నభాగము చెడినను మాటయో, చేయో, చూపో పడిపోవుట పక్షవాతరోగులున్న ప్రతి కుటుంబమునకును తెలిసినదే. అయినను ఈ యసత్యము చావదు. ఏలయన దీనిపై వ్యాపారము నడచుచున్నది. మిగిలిన తొమ్మిదివంతులను మేల్కొలిపెదమని చెప్పి రుసుము గైకొను శిక్షణలకును, పొడులకును, మాత్రలకును ఈ వాక్యమే పెట్టుబడి. తమ బిడ్డకు మార్కులు రాలేదని దిగులుపడు తలిదండ్రుల జేబునుండి దాని వడ్డీ వసూలగుచున్నది.

మన న్యాయశాస్త్రజ్ఞులు శబ్దమును ప్రమాణముగా నంగీకరించిరి; కాని ప్రతి శబ్దమును కాదు, ఆప్తుని శబ్దమును మాత్రమే. ఆప్తుడెవడు? విషయమును తాను ప్రత్యక్షముగా నెఱిగి, ఎఱిగినదానిని ఎఱిగినట్లే చెప్పగోరువాడని వాత్స్యాయనుడు వివరించెను. వాడు ఋషియే కానక్కఱలేదు, ఆర్యుడైనను మ్లేచ్ఛుడైనను సరియే యనికూడ ఆ భాష్యకారుడు చెప్పుట గమనింపదగినది. కులమును గాని దేశమును గాని చూడక, తెలివిడిని నిజాయితీని మాత్రమే చూచిన లక్షణ మిది. లోకవిచిత్ర గ్రంథములందు శబ్దము కలదు, ఆప్తుడు లేడు.

ఇక పూర్తిగా అసత్యములు కాక, సగము సత్యములైనవి కలవు. మా దృష్టిలో ఇవియే యెక్కువ చదువదగినవి. ఎక్కువగా పాడుచేయబడినవియు నివియే. ‘ప్రపంచములో నెత్తయిన పర్వతము ఎవరెస్టు’ అని యొక పుస్తకము. ‘కాదు, దక్షిణ అమెరికాలోని చింబొరాజో’ అని యొకటి. ‘కాదు, హవాయి ద్వీపములోని మౌనా కేయా’ అని మఱియొకటి. ఇంటిలో అన్నదమ్ము లిద్దఱు చెఱియొక పుస్తకమును పట్టుకొని పోట్లాడుకొనవచ్చును. నిజమునకు మూడును సత్యములే. సముద్రమట్టమునుండి కొలిచినచో ఎవరెస్టు మిన్న. 2020లో నేపాళ, చైనా దేశములు కలిసి ప్రకటించిన కొలత 8,848.86 మీటర్లు. భూమి సరిగా బంతివలె గుండ్రముగా నుండక నడుమ కొంత ఉబ్బియున్నది; భూమధ్యరేఖయొద్ద వ్యాసార్ధము ధ్రువముల యొద్దకంటె సుమారు 21 కిలోమీటర్లు ఎక్కువ. కావున 6,263 మీటర్ల చింబొరాజో ఆ యుబ్బుపై నిలిచి, భూకేంద్రమునుండి లెక్కించినపుడు ఎవరెస్టును రెండు కిలోమీటర్లకు మించి దాటిపోవుచున్నది. మౌనా కేయా సముద్రముపైకి కనబడునది 4,207 మీటర్లే యైనను, సముద్రగర్భమందలి దాని పాదమునుండి కొలిచినచో పదివేల మీటర్లు మించును. ఇందు వింత పర్వతములది కాదు. ‘ఎత్తు’ అను మాటది. ఎచ్చటనుండి అని యడుగనిదే ఎత్తునకు అర్థమే లేదని పిల్లవాడు తెలిసికొన్నచో, వాడు నేర్చినది మూడు పేళ్లు కాదు, ఒక న్యాయము.

అట్లే ఎవరెస్టు కొలత. ఆ శిఖరము లోకమున కెల్ల నున్నతమని 1852 ప్రాంతమున లెక్కగట్టినవాడు రాధానాథ సిక్‌దార్ అను వంగదేశీయుడని పుస్తకములు వ్రాయును. సంతోషమే. కాని నేపాళమున కాలుపెట్టుటకు అనుమతి లేనందున, నూటయేబది కిలోమీటర్లకు మించిన దూరమందున్న మైదానములనుండి కోణములు కొలిచిరనియు, నడుమనున్న గాలి వెలుతురును వంచుటవలన శిఖరము ఉన్నదానికంటె నెత్తుగా కనబడుననియు, ఆ వంపును లెక్కించి తీసివేయుటలోనే యావద్గణితమును ఉన్నదనియు ఏ పుస్తకమును చెప్పదు. ఆ మహాసర్వే 1802లో మద్రాసు సమీపమున లాంబ్టన్ కొలిచిన ఆధారరేఖతో మొదలై, పిదప హైదరాబాదు రాజ్యముమీదుగా ఉత్తరమునకు సాగినది. హిమాలయపు టెత్తునకు మన నేలమీద ఈడ్చిన గొలుసుతో చుట్టఱికము కలదని తెలిసిన బాలునకు భూగోళశాస్త్రము పరాయిది కాదు.

శుక్రగ్రహమునందు దినము సంవత్సరముకంటె దీర్ఘమని మఱియొక వింత. శుక్రుడు తన చుట్టు తాను ఒకమాఱు తిరుగుటకు మన 243 దినములు పట్టుననుటయు, సూర్యుని చుట్టు తిరుగుటకు సుమారు 225 దినములు పట్టుననుటయు నిజమే. కాని దినమన్న సామాన్యునకు సూర్యోదయమునుండి సూర్యోదయమువఱకు గల కాలము కదా? శుక్రుడు మనకు విరుద్ధముగా తిరుగుచున్నందున అచ్చట సూర్యుడు పడమట నుదయించును; ఒక యుదయమునకును మఱుచటి యుదయమునకును నడుమ గడచునది సుమారు 117 దినములే. కావున ఆ వింత ఒక అర్థమున సత్యము, వేఱొక అర్థమున అసత్యము. పైగా దట్టమైన మేఘములు కప్పియుండుటచే ఆ గ్రహపు నేలను దూరదర్శినితో నెవరును చూడజాలకపోయిరి. 1960వ దశకములో రేడియోతరంగములను పంపి, తట్టుకొని మరలివచ్చినవానిని పట్టి ఈ భ్రమణమును కనుగొనిరి. కనబడనిదానిని కనుగొన్న యీ ప్రయత్నముకంటె ఆశ్చర్యకరమైన దేమున్నది? పుస్తకములు దీనినే వదలివేయుచున్నవి.

మన గుంటూరు సంగతి చెప్పుదము. ‘హీలియము అను వాయువును గుంటూరులో కనుగొనిరి’ అను వాక్యము తెలుగు పుస్తకములందు తఱచు కనబడును. చదివినపుడు మనకు ఒడలు పొంగును, పొంగుట తప్పుకాదు. కాని జరిగినదేమి? 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో వర్ణపటదర్శిని యను పరికరమును నిలిపికొని, సూర్యుని యంచున లేచు జ్వాలలను పరీక్షించెను. వానిలోని కాంతిరేఖలు ఎంత తేటగా నుండెననగా, గ్రహణము లేనపుడుకూడ వానిని చూడవచ్చునని అతనికి తోచినది. మఱునాడు ఉదయమే చూచెను. మచిలీపట్టణమునొద్ద పాగ్సన్ అను నతడు పసుపుపచ్చని రేఖ నొకదానిని గుర్తించెను. అక్టోబరు 20వ తేదీన ఇంగ్లండులో లాకియర్, గ్రహణముతో పనిలేకయే, జాన్సెన్ మార్గమును తానును వేఱుగా కనిపెట్టి ఆ పసుపురేఖను చూచి, అది సోడియపు రేఖ కాదని తేల్చెను. జాన్సెన్ లేఖయు లాకియర్ వార్తయు పారిస్ విజ్ఞానపరిషత్తులో ఒక్క సభలోనే చదువబడినవి. ఆ రేఖ క్రొత్త మూలపదార్థమునకు చెందినదను నూహ పిదప వచ్చినది. సూర్యునకు గ్రీకుభాషలో గల పేరునుబట్టి దానికి హీలియమని పేరిడిరి. భూమిపై ఆ వాయువు చేతికి చిక్కినది 1895లో, రామ్సే యను రసాయనశాస్త్రజ్ఞునకు, ఒక ఖనిజమునుండి. నడుమ ఇరువదియేడేండ్లు! అంతకాలము అనేకులు నమ్మనేలేదు.

ఇప్పుడు చెప్పుడు: ‘గుంటూరులో కనుగొనిరి’ అను రెండుమాటలు గొప్పవా, ఈ కథ గొప్పదా? గుంటూరు పాత్ర ఈ కథలో చిన్నది కాలేదు, ఖచ్చితమైనది. ఆ పగలు చీకటిపడిన కొలదినిమిషములలో ఎన్ని యిండ్లయందు తలుపులు మూసికొని గర్భిణులను లోపల కూర్చుండబెట్టి యుందురో! అదే వీథులకు కొంచెము దూరమున నొక మనుష్యుడు సూర్యునివంక గాజుపట్టకమును త్రిప్పి యుండెను. ఆ రెండు దృశ్యములను ప్రక్కప్రక్కన నిలిపి చూపినచో, సంస్కరణమును గూర్చి పది యుపన్యాసములు చేయని పని అది చేయును.

ఇచట మన సంస్కర్తల యిండ్లను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. గ్రహణమునాడు ఊరగాయ జాడీలపై దర్భలు వేయుట మానివేసితిమి. బల్లిశాస్త్రమును చూచి నవ్వితిమి. అవి పరీక్షింపబడని మాటలని కదా వానిని త్రోసిపుచ్చినది? అదే యింటిలో, ‘శాస్త్రజ్ఞులు చెప్పిరి’ అను తలపాగా చుట్టుకొని వచ్చిన ప్రతి మాటకును పీట వేయుచున్నాము. బల్లి పోయి సంఖ్య వచ్చినది. నమ్మకపు తీరు మాఱలేదు. పాతమాటను అడిగినట్లే క్రొత్తమాటను అడుగనివాడు సంస్కర్త కాడు, అభిరుచి మార్చుకొన్నవాడు మాత్రమే.

మూడవజాతి వింతలు మనలను పొగడునవి. వీనిని విమర్శించుట కష్టము, ఏలయన చేయి మన చెంపమీదనే పడవలెను. ‘జనగణమన’ను ప్రపంచములో ఉత్తమ జాతీయగీతముగా యునెస్కో ప్రకటించినదని ఏటేట ఒక వార్త తిరుగును. ఆ సంస్థ అట్టి ప్రకటన చేయలేదు. మన గీతము మనకు ప్రియమగుటకు ఇంకొకరి బిరుదపత్రము కావలెనా?

అంతకంటె మాకు తగిలినది సంస్కృతపు మాట. కంప్యూటరులకు సంస్కృతమే యుత్తమ భాషయని అమెరికా అంతరిక్షసంస్థ నాసా తీర్మానించినదని అయిదు పుస్తకములలో నాలుగు చెప్పినవి. మేము సంస్కృతము చదువుకొన్నవారము. ఆ మాట విన్నపుడు చెవికి తేనె పోసినట్లే యుండును. కాని దానికి మూలము 1985లో రిక్ బ్రిగ్స్ అను పరిశోధకుడు కృత్రిమమేధకు సంబంధించిన పత్రికలో వ్రాసిన యొక వ్యాసము. సంస్కృత వైయాకరణులు వాక్యార్థమును కారకసంబంధములుగా విడదీసి చెప్పు పద్ధతికిని, యంత్రములకు అర్థమును తెలుపుటకు నాటి శాస్త్రజ్ఞులు వాడుచుండిన పద్ధతికిని పోలిక కలదని ఆతడు చూపెను. అది యొక పండితుని వాదము. ఒక సంస్థ తీర్మానము కాదు. నాసా తన యంత్రములను సంస్కృతమున నడపుటయు లేదు.

అసత్యమును తీసివేయగా మనకు మిగులునది తక్కువా? పాణిని సుమారు నాలుగువేల సూత్రములలో ఒక భాషనంతటిని బంధించెను. అక్షరములనే సంజ్ఞలుగా వాడి, ముందు సూత్రములోని పదమును వెనుక సూత్రమునకు అనువృత్తితో తెచ్చుకొని, మాత్రయైన వృథాగా వ్యయింపలేదు. కంప్యూటరు భాషల వ్యాకరణములను వ్రాయుటకు బాకస్ పేర పిలువబడు సంకేతపద్ధతి యొకటి కలదు. దానిని పోలినది పాణినియందే యున్నందున ఆయన పేరుకూడ అందు చేర్చవలెనని ఇంగర్మన్ అను నాతడు 1967లో ఒక శాస్త్రపత్రికకు లేఖ వ్రాసెను. ఇది నిజము. దీనిని తెలిసికొనుటకు అష్టాధ్యాయిలో పది సూత్రములైనను చదువవలెను. నాసా మాటకు ఏమియు చదువనక్కఱలేదు. అందుచేతనే అది వ్యాపించినది, ఇది వ్యాపింపలేదు. అసత్యప్రశంస భాషకు గౌరవము చేయదు. దానిని చదువు శ్రమనుండి మనలను విడిపించును, అంతే.

మన పూర్వులు సైతము వింతలు చెప్పలేదా యని ప్రశ్న రావచ్చును. చకోరము వెన్నెల ద్రావుననిరి. హంస పాలను నీటినుండి వేఱుచేయుననిరి. చాతకము వానచినుకును దప్ప త్రాగదనిరి. కాని ఆలంకారికులు వీనికి ‘కవిసమయములు’ అని పేరు పెట్టిరి. శాస్త్రమునందు లేనివి, లోకమునందు కానరానివి, కవిపరంపరలో వచ్చినవి అని రాజశేఖరుడు కావ్యమీమాంసయందు వేఱు అధ్యాయములలో విభజించి చూపెను. ఇది కావ్యమునకు, అది లోకమునకు అని గీత గీసిన నిజాయితీ ఆ గ్రంథమున కలదు. నేటి పుస్తకములకు తమవియు కవిసమయములని తెలియదు. నిప్పుకోడి యాపదవేళ ఇసుకలో తల దూర్చుననుట పాశ్చాత్యుల కవిసమయము. నిజమునకు ఆ పక్షి నేలపై పల్లముచేసి గ్రుడ్లు పెట్టి, తల వంచి ముక్కుతో వానిని అటునిటు త్రిప్పుచుండును. శత్రువు కానవచ్చినపుడు మెడను నేలకు చాచి పండుకొనును. దూరమునుండి చూచినవానికి తల లేనట్లు తోచును. చకోరము మన కావ్యమున క్షేమముగా నున్నది. నిప్పుకోడి మాత్రము మన పిల్లల విజ్ఞానశాస్త్రములోనికి వచ్చి కూర్చున్నది.

ఇట్టి సంగతులను ఎట్లు వ్రాయవలెనని అడుగుదురేని, బాల్యమునుండి మేము మఱువని ఆ వాక్యమును తీసికొందము. ‘క్రకటోవా అగ్నిపర్వతము ప్రేలిన ధ్వని మూడువేల మైళ్లవఱకు వినబడినది!’ అని యుండెను. అంతే. ఏటిది లేదు; ఎవరు వినిరో లేదు. ఎన్నో యేండ్లకు గాని తక్కినది మాకు తెలియలేదు. జావా సుమత్రా ద్వీపముల నడుమ నున్న ఆ కొండ 1883 ఆగస్టు 27వ తేదీన బ్రద్దలైనది. హిందూమహాసముద్రమున సుమారు 4,800 కిలోమీటర్ల దూరమున రోడ్రిగ్స్ అను చిన్నద్వీపము కలదు. హైదరాబాదునుండి ఈజిప్టులోని కైరోకు ఇంచుమించు అంతదూరము. అచ్చటి పోలీసు అధికారి జేమ్స్ వాలిస్, తూర్పుదిక్కున పెద్ద ఫిరంగులు మ్రోగినట్లు విని, ఆ సంగతిని వ్రాసిపెట్టెను. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. పిల్లలచేత భాగహారము చేయించినచో నాలుగు గంటల ప్రయాణమని వారే చెప్పుదురు. వాలిస్ విన్నపుడు ఆ ప్రేలుడు జరిగి నాలుగు గంటలైనది. ఆ లోపల అచ్చటి తీరగ్రామములు సముద్రతరంగములలో కొట్టుకొనిపోయియుండెను. ముప్పదియాఱువేలమందికి మించి మరణించిరి. ప్రపంచమందలి వాయుభారమాపకములు ఆ గాలికుదుపును మరల మరల గుర్తించినవి.

ఇందు ఏమి పెరిగినది? సాక్షి వచ్చెను, లెక్క వచ్చెను, చచ్చినవారు వచ్చిరి. ఆశ్చర్యము తగ్గినదా? మాకు ఇనుమడించినది. ఒక్క పుటకు పది వింతలు గాక పది పుటలకు ఒక వింత యుండవలెనని మా కోరిక. అట్టి పుస్తకము తెలుగున అసాధ్యము కాదు. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొని, మూడు సంపుటములు వెలువడినను అకారాదిపదములు దాటకుండగనే 1923లో దివంగతులైరి. ఒక్క అక్షరమునకు మూడు సంపుటములు పట్టినవి. విషయమును విచారించి వ్రాయుటకు ఎంత శ్రమయో ఆ యసంపూర్ణగ్రంథమే చెప్పుచున్నది. రెండువేల సంగతులను నూటయిరువది పుటలలో కుక్కు నేటి ప్రకాశకులు దానిని ఒకమాఱు చేతబట్టి చూతురుగాక.

ముగించుటకు ముందు మా ఋణమొకటి చెప్పుకొనవలెను. మేము చైనాగోడను చంద్రునికి చూపిన పదునొకండేండ్లలో మా తరగతినుండి కొన్నివందలమంది వెడలిరి. వారిలో నొకడు ఇప్పుడు తానును ఉపాధ్యాయుడు. ఇటీవల ఒక వివాహమున కలిసికొని, తన బడిగోడపై విద్యార్థులచేత వ్రాయించిన వింతల పట్టికను ఫోనులో మాకు సంతోషముతో చూపెను. మూడవ పంక్తిలో ఆ గోడ యున్నది. “మీరు చెప్పిందే మాష్టారూ, ఇంకా గుర్తుంది” అన్నాడు. విందులో మాకు అన్నము సహింపలేదు. ఇల్లు చేరి, వెండ్రుక లెక్కతోసహా అతనికి దీర్ఘమైన యుత్తరము వ్రాసితిమి.

వారమునకు ప్రత్యుత్తరము వచ్చినది. లెక్క సరియే యని ఒప్పుకొనెను. ఆ పంక్తిని తుడిపించెనట. కాని చివర ఒక ప్రశ్న వేసెను: “పోటీపరీక్షలో ఇదే ప్రశ్న వచ్చి, వాళ్ల జవాబుపత్రంలో చైనాగోడ అనే ఉంటే, పిల్లల్ని ఏమి వ్రాయమంటారు? ఒక్క మార్కుతో ఉద్యోగాలు పోతున్నాయి.” ఈ ప్రశ్నను మేము తేలికగా తీసివేయజాలము. అసత్యమునకు జీతము ముట్టుచున్నంతకాలము సత్యము చెప్పు ఉపాధ్యాయుడు పిల్లవానికి నష్టము చేసినట్లే కనబడును. దానికి మందు ఒక్క తరగతిగదిలో లేదు. ప్రశ్నలు కూర్చువారు, పుస్తకములు ప్రకటించువారు, వానిని కొని యింటికి తెచ్చు మనము, మువ్వురమును బాధ్యులము.

అతనికి మేము వ్రాసిన జవాబు ఇది: పిల్లవానికి రెండును చెప్పుము. వారి జవాబుపత్రములో ఏమున్నదో చెప్పుము. అది యేల తప్పో లెక్కతో చూపుము. ఆ తప్పును దిద్దుడని అధికారులకు నీవును నీ విద్యార్థులును కలిసి వ్రాయుడు. మన చదువరులను సైతము మేము కోరునది అంతకంటె నెక్కువ కాదు. రాత్రి భోజనమువేళ బిడ్డ యొక వింతను చదివి వినిపించినపుడు, ఔరా యని ఊరకుండక, “ఎవరు చూచిరమ్మా? ఎట్లు కొలిచిరి? ఏల అట్లున్నది?” అని మూడు మాటలు అడుగుడు. మనకును జవాబు తెలియకపోవచ్చును. అప్పుడు ఇద్దఱును కలిసి వెదకుడు.